పావులు, పాచికలు, పాయింట్లు: పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఆటల గురించి అడగమంటే ఈసారి సగం ఉత్తరాలు గొడవల గురించే వచ్చాయి. ఎవరు తొండి చేశారు, ఎవరు అలిగారు, ఏ ఆట ఎంతకీ తెమలదు అని. గొడవ వచ్చినచోటే ఆట తీరు బాగా బయటపడుతుంది కాబట్టి వాటినే తీసుకున్నాం.

ప్రశ్న: సెలవుల్లో మోనోపలీ పెట్టె తెరిస్తే మూడు గంటలైనా తెమలదు. చివరికి ఒకరు అలిగి లేచిపోతారు, ఇంకొకరు పటం తిరగేస్తారు. ఆటే ఇంతా, లేక మేం ఆడే పద్ధతిలో ఏమైనా లోపముందా?
— ముగ్గురు పిల్లల తల్లి

జవాబు: లోపం చాలావరకు పద్ధతిలోనే ఉంటుంది. పెట్టెలో వచ్చిన నియమాల కాగితాన్ని ఎవరూ చదవరు. ముందు ఆడినవాళ్లను చూసి నేర్చుకుంటారు. అలా చేతులు మారడంలో ఒక నియమం జారిపోయింది, లేని నియమం ఒకటి వచ్చి చేరింది.

జారిపోయింది వేలం. ఎవరి పావైనా అమ్ముడుపోని స్థలం మీద ఆగి, ఆ ఆటగాడు కొననంటే అక్కడితో వదిలేయకూడదు. బ్యాంకరు వెంటనే దాన్ని వేలం వేయాలి. ఎంత తక్కువ నుంచైనా పాట మొదలుపెట్టవచ్చు, కొననన్నవాడూ పాడవచ్చు. పటం మీద కొనదగినవి మొత్తం 28. వేలం ఉంటే అవి తొందరగా అమ్ముడైపోతాయి. లేకపోతే ప్రతివాళ్లూ మళ్లీ మళ్లీ చుట్టు తిరిగి, సరిగ్గా ఆ గడి మీదే పడాలని ఎదురుచూడాలి. మీ మూడు గంటల్లో సగం ఇక్కడే పోతోంది.

వచ్చి చేరింది ఫ్రీ పార్కింగ్ కుప్ప. పన్నులు, జరిమానాలు పటం మధ్యలో వేసి, ఫ్రీ పార్కింగ్ మీద ఆగినవాడికి మొత్తం ఇచ్చేస్తారు. అసలు నియమంలో ఆ గడిలో ఏమీ జరగదు, డబ్బంతా బ్యాంకుకే పోతుంది. దివాలా తీయించి ముగించే ఆట ఇది. చలామణీలో ఉన్న డబ్బు తగ్గితే తప్ప ఎవరూ దివాలా తీయరు. కుప్ప పంచడం, మొదలు గడి మీద సరిగ్గా ఆగితే రెట్టింపు ఇవ్వడం దయగా కనిపిస్తాయి గానీ, ఓడిపోతున్నవాడికి మరో గంట ఓటమిని అంటగట్టడం తప్ప అవి చేసేదేం లేదు. నోట్లు ఎక్కువ ముద్రిస్తే ఏమవుతుందో పిల్లలకు చూపించాలనుకుంటే మాత్రం ఇంతకన్నా మంచి ప్రయోగం లేదు.

ఇళ్ల సంగతి కూడా చూడండి. పెట్టెలో ఉండేవి 32 ఇళ్లు, 12 హోటళ్లు. అవి అయిపోతే అగ్గిపుల్లలు పెట్టి కట్టుకోవడం కుదరదు, ఎవరైనా తిరిగిచ్చేదాకా ఆగాలి. నియమం తెలిసినవాడు మూడేసి స్థలాల గుంపులు రెండు చేతిలో పెట్టుకుని, ఒక్కో స్థలంలో నాలుగేసి ఇళ్లు కట్టి ఆగిపోతాడు. హోటలుకు వెళ్లడు. 24 ఇళ్లు అతని దగ్గరే ఉండిపోయాక మిగతావాళ్లందరికీ కలిపి ఎనిమిదే మిగులుతాయి. నారింజ రంగు గుంపుకు గిరాకీ ఎందుకంటే, ఎక్కువమంది ఆగే గడి జైలు. అక్కడి నుంచి 6, 8, 9 గడుల దూరంలో ఆ మూడు స్థలాలు ఉన్నాయి. రెండు పాచికలు వేస్తే ఈ మూడింటిలో ఒకటి పడే అవకాశం 36లో 14.

సమయం తక్కువుంటే ఇలా ఆడండి. స్థలాల పత్రాలు కలిపి తలా రెండు పంచండి, వాటి ధర బ్యాంకుకు కట్టించుకోండి. హోటలుకు నాలుగు బదులు మూడు ఇళ్లు చాలనుకోండి. రెండో మనిషి దివాలా తీయగానే ఆపి, ఎవరి దగ్గర ఎంతుందో లెక్కకట్టండి. ముగ్గురే ఆడుతుంటే దివాలా కోసం చూడకుండా 90 నిమిషాలకు గడియారం పెట్టుకోవడం మేలు.

అలకల విషయానికి వస్తే, ఆ కోపం ఆటలోనే పెట్టి ఉంది. దీని మూలరూపానికి 1904లో అమెరికాలో ఎలిజబెత్ మాగీ అనే ఆవిడ పేటెంటు పొందింది. అద్దెల వల్ల భూమి కొద్దిమంది చేతుల్లోకి చేరి మిగతావాళ్లు ఎలా చితికిపోతారో చూపించడమే ఆమె ఉద్దేశం. ఆ ఆటకు రెండు రకాల నియమాలు ఉండేవి. ఒకదాంట్లో ఒక్కడే మిగులుతాడు, రెండోదాంట్లో సంపద పెరిగితే అందరికీ అందుతుంది. 1935లో పార్కర్ బ్రదర్స్ ఆమె హక్కులను 500 డాలర్లకు కొంది. లోకమంతా పాకింది మొదటి రకం. హెచ్చరికగా తయారుచేసినదాన్ని మనం వినోదంగా ఆడుకుంటున్నాం, మధ్యలో పిల్లలు ఏడుస్తుంటే ఆశ్చర్యపోతున్నాం.

ప్రశ్న: భాష నేర్పే యాప్‌లో నా స్ట్రీక్, అంటే ఒక్కరోజూ తప్పకుండా పాఠం చేసిన రోజుల వరస, 400 దాటింది. ఒక్కరోజు తప్పుతుందేమోనని రాత్రి 11:50కి లేచి మరీ పాఠం చేస్తున్నాను. కానీ ఆ భాషలో నాలుగు వాక్యాలు మాట్లాడమంటే నోరు పెగలదు. ఎక్కడ తేడా వస్తోంది?
— ఒక బ్యాంకు ఉద్యోగి

జవాబు: యాప్ లెక్కపెడుతున్నది మీరు వచ్చిన రోజులను. ఎంత నేర్చుకున్నారన్నది దాని లెక్కలో లేదు. 11:50కి కూర్చున్న మనిషి ఏ పాఠం ఎంచుకుంటాడు? అన్నిటికన్నా చిన్నది, ఇదివరకు చేసేసినది. మొదట్లో ఈ రోజుల గొలుసు మిమ్మల్ని పాఠం దగ్గరికి లాగింది. నాలుగొందల రోజుల తర్వాత అది తెగకుండా కాపాడుకోవడానికి పాఠం చేస్తున్నారు. చేతికొచ్చేదాని మీద ఆశ కన్నా చేతిలో ఉన్నది పోతుందన్న భయం బలమైనది. అంకె పెరిగేకొద్దీ ఆ భయమూ పెరుగుతుంది.

డచ్చి చరిత్రకారుడు యొహాన్ హౌజింగా 1938లో ఆటకు లక్షణాలు చెబుతూ, అది ఇష్టపూర్వకంగా ఉండాలనీ, దానికి స్థలకాలాల హద్దు ఉండాలనీ అన్నాడు. స్ట్రీక్‌కు ఈ రెండూ లేవు. మానే వీలు లేదు, చివరి గడి లేదు. పైకి ఆట వేషం, లోపల హాజరుపట్టీ.

బహుమానం ఇష్టాన్ని ఎలా కొరుక్కుతింటుందో 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ చేసిన ప్రయోగం చూపించింది. బొమ్మలు గీయడం ఇష్టమున్న చిన్నపిల్లల్లో కొందరికి గీస్తే ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా చివర్లో ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. తర్వాత ఎవరూ అడగకుండా వదిలేసినప్పుడు, మాట తీసుకుని గీసిన పిల్లలు మిగతావాళ్లలో సగం సేపే బొమ్మల జోలికి వెళ్లారు. అనుకోకుండా పత్రం అందుకున్నవాళ్లలో ఆ తగ్గుదల లేదు. అంటే చెడగొట్టింది పత్రం కాదు, ముందే కుదిరిన బేరం.

మీరు చేయాల్సింది ఇది. ప్రతి ఆదివారం యాప్ తెరవకుండా, ముందు సిద్ధపడకుండా, ఆ వారం గురించి ఆ భాషలో రెండు నిమిషాలు మాట్లాడి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. తడబడినచోటల్లా కావాల్సిన మాటేమిటో కాగితం మీద రాసుకోండి. వచ్చే వారం చదవాల్సింది ఆ కాగితమే. నాలుగు వారాలయ్యాక మొదటి రికార్డూ నాలుగోదీ వరసగా వినండి. తేడా లేకపోతే యాప్ మీకు పని చేయడం లేదు, అంకె 400 అయినా 4000 అయినా సరే. నోటిఫికేషన్లు ఆపేయండి. ఒక మంచి రోజు చూసుకుని గొలుసును మీరే తెంపండి. అదే తెగితే ఓడినట్టుంటుంది. మీరు తెంపితే మర్నాడు పొద్దున తల తేలిగ్గా ఉంటుంది.

ప్రశ్న: మా అబ్బాయి ఫోన్ గేములో పెట్టెలు తెరిస్తే అరుదైన బొమ్మ వచ్చే అవకాశం 1 శాతం అని రాసి ఉంది. వందసార్లు తెరిచాడట, రాలేదు. ఇది మోసమేనా?
— ఒక తండ్రి

జవాబు: ఇందులో మోసం లేకపోవచ్చు. అసలు చిక్కు అదే. వందలో ఒకటి అంటే వంద తెరిస్తే ఒకటి గ్యారంటీ అని మనసు లెక్క వేసుకుంటుంది. నిజం లెక్క వేరు. ప్రతిసారీ రాకపోయే అవకాశం 0.99. దాన్ని వందసార్లు గుణిస్తే 0.366. అంటే వంద తెరిచినవాళ్లలో ప్రతి వందమందికీ సుమారు 37 మంది ఉత్త చేతులతో మిగులుతారు. సగానికి సగం అవకాశం కావాలంటే 69 తెరవాలి, 90 శాతం కావాలంటే 230, 95 శాతానికి 299.

సెట్టు పూర్తి చేయమనే రకం ఇంకా ఘోరం. సమాన అవకాశమున్న పది బొమ్మలూ సంపాదించాలంటే సగటున 29 పెట్టెలు పడతాయి. అందులో పదో బొమ్మ ఒక్కదానికే సగటున పది. తొమ్మిది చేతిలో పెట్టుకున్నవాడు ఆగలేడని తయారుచేసినవాళ్లకు బాగా తెలుసు. జపాన్‌లో ఈ సెట్టు పద్ధతిని 2012లో నిషేధించారు. బెల్జియం 2018లో కొన్ని గేముల్లోని డబ్బు పెట్టెలు జూదమేనని తేల్చింది. ఆపిల్ 2017 నుంచి, గూగుల్ 2019 నుంచి తమ స్టోర్లలోని గేములు ఈ శాతాలను చూపించాలని నియమం పెట్టాయి. మీరు చూసిన 1 శాతం అలా వచ్చిందే.

గేము వివరాల్లో రెండు సంగతులు వెతకండి. ఇన్నిసార్లు రాకపోతే తప్పక ఇస్తామనే హద్దు ఉందా? ఉంటే, ఈ వారం పెట్టె మారగానే ఆ లెక్క మళ్లీ సున్నాకు పోతుందా? పోయేటట్లయితే ఆ హద్దు మీద ఆశ పెట్టుకోవద్దు. ఇక గేములో డబ్బు బదులు చెల్లే వజ్రాల లెక్క చూడండి. వంద వజ్రాల మూట అమ్ముతారు, పెట్టెకు 30 చొప్పున తీసుకుంటారు. మూడు పెట్టెలయ్యాక పది మిగులుతాయి. ఆ మిగులే మళ్లీ కొనిపిస్తుంది. ప్రతి పెట్టె పక్కనా అసలు డబ్బులో ఎంతయిందో కాగితం మీద రాయమనండి. వజ్రాలుగా తేలిగ్గా ఖర్చయినది డబ్బుగా రాసేసరికి బరువెక్కుతుంది.

ఐఫోన్ అయితే స్క్రీన్ టైమ్‌లో కంటెంట్, ప్రైవసీ పరిమితుల కింద ఇన్-యాప్ కొనుగోళ్లను పూర్తిగా ఆపవచ్చు. ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్ సెట్టింగుల్లోకి వెళ్లి ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. అది వేలిముద్రతో తెరుచుకునేదైతే, ఫోన్‌లో అబ్బాయి వేలిముద్ర కూడా ఉందేమో చూడండి. ఎక్కువమంది తల్లిదండ్రులు మరిచిపోయేది ఇదే.

ప్రశ్న: ఆన్‌లైన్ లూడోలో నాకు మాత్రమే ఆరు పడదు. కంప్యూటర్ కావాలని చేస్తోందా?
— ఒక కళాశాల విద్యార్థి

జవాబు: ఏ యాప్ లోపల ఏముందో బయటి నుంచి చెప్పలేం కానీ, ఈ సాక్ష్యం చాలదు. పదిసార్లు వేసినా ఆరు పడకపోయే అవకాశం 16 శాతం. నలుగురు ఆడుతుంటే, మొదటి పదిసార్లలో కనీసం ఒకరికి ఆరు పడకుండా ఉండే అవకాశం 50 శాతం పైనే. అంటే రెండు ఆటలకొకసారి ఎవరో ఒకరు మీలాగే కూర్చుని తిట్టుకుంటుంటారు.

అసలైన యాదృచ్ఛికత మనుషులకు అన్యాయంగా తోస్తుంది. అందుకే పైనుంచి పడే ముక్కలను పేర్చే టెట్రిస్‌లో ఇప్పుడు ఏడు ఆకారాలనూ ఒక సంచిలో వేసి కలిపినట్టు ఒక్కోటీ తీస్తారు, సంచి ఖాళీ అయ్యాక మళ్లీ నింపుతారు. పొడుగు ముక్క ఒకసారి వచ్చాక మళ్లీ వచ్చేలోపు మధ్యలో ఎంత దురదృష్టమైనా 12 ముక్కలే పడతాయి. జనం న్యాయం అంటున్నది ఈ సర్దుబాటునే. అనుమానం తీరాలంటే 300 పందేలు రాసిపెట్టండి. ఆరు 50 చుట్టూ, అంటే 37కూ 63కూ మధ్య ఉంటే మీ అదృష్టాన్నే నిందించుకోవాలి.

ప్రశ్న: పన్నెండేళ్ల మా అమ్మాయి చదరంగం రేటింగ్ 1500 దాటింది. అప్పటి నుంచి తగ్గుతుందన్న భయంతో టోర్నమెంట్లకు రానంటోంది.
— ఒక పాఠకురాలు

జవాబు: ఆ పాప లెక్క తప్పేమీ కాదు, ముందు ఆ మాట ఒప్పుకోండి. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే పద్ధతిలో 18 ఏళ్ల లోపు, 2300 కన్నా తక్కువ రేటింగ్ ఉన్నవాళ్లకు గుణకం 40. గెలుపు 1, డ్రా 0.5, ఓటమి 0 అనుకుని, వచ్చిన ఫలితానికీ ఆశించిన ఫలితానికీ ఉన్న తేడాను దీనితో గుణిస్తారు. తనకన్నా 200 తక్కువున్న వాళ్లతో ఆడితే ఆమె నుంచి ఆశించే ఫలితం 0.76. గెలిస్తే వచ్చేవి 9.6 పాయింట్లు, ఓడితే పోయేవి 30.4. డ్రా చేసినా 10.4 పోతాయి. అదే తనకన్నా 200 ఎక్కువున్న వాళ్లతో ఆడితే గెలుపుకు 30.4 వస్తాయి, ఓటమికి 9.6 పోతాయి. కాబట్టి రెండు మూడు నెలలు పై విభాగంలో ఆడించండి. ఓడినా నొప్పి తక్కువ, నేర్చుకునేది ఎక్కువ. రేటింగ్ ఆమె బలాన్ని సరిగ్గా చూపిస్తున్నంతకాలం ఎవరితో ఆడినా సగటు లాభనష్టం సున్నా అని కూడా కాగితం మీద వేసి చూపించండి. ఆ వయసు పిల్లలకు ఈ గుణకారం అర్థమవుతుంది.

ఇంట్లో రేటింగ్ అడగడం మానేసి, ఏ ఎత్తు దగ్గర ఎక్కువసేపు ఆలోచించిందో అడగండి. ఆన్‌లైన్ సైట్ల అంకెను ఫిడే అంకెతో పోల్చవద్దు. పెద్ద సైట్లలో వాడేది గ్లికో రకం లెక్క. చాలాకాలం ఆడకపోతే అది 'ఈ అంకె మీద నాకు నమ్మకం తగ్గింది' అన్నట్టు అనిశ్చితిని పెంచుకుంటుంది. దాచిపెట్టుకున్న రేటింగ్ అక్కడ గట్టిగా నిలవదు.

ఫిడే వాడే రేటింగ్ లెక్క కట్టిన అర్పాద్ ఎలో భౌతికశాస్త్ర అధ్యాపకుడు. ఫిడే దీన్ని 1970లో స్వీకరించింది. అల్లల్లాడే నీటిమీది బెండు ఎక్కడుందో, గాలికి ఊగే తాడుకు కట్టిన గజంబద్దతో కొలవడం లాంటిది రేటింగ్ అని ఆయనే అన్నాడు. ఆ జాగ్రత్త మనకు అబ్బలేదు, అంకె మాత్రం చదరంగం దాటి పోయింది. జోడీలు వెతికిపెట్టే యాప్ టిండర్ కూడా మనుషులను మనుషులకు చూపించడానికి ఒకప్పుడు ఇలాంటి లెక్కే వాడి, 2019లో ఇక దాని మీద ఆధారపడటం లేదని చెప్పింది.

ప్రశ్న: వైకుంఠపాళిలో పాములూ నిచ్చెనలూ పాపపుణ్యాలు చెప్పేవి. ఇప్పటి ఆటల్లో డబ్బే పరమపదం. మనిషి దిగజారాడనడానికి ఇది రుజువు కాదా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: మారాడనడానికి రుజువు. దిగజారాడో లేదో పటం ఒక్కదాన్ని చూసి తేల్చలేం. మిల్టన్ బ్రాడ్లీ 1860లో అమెరికాలో జీవితం మీద ఒక ఆట తెచ్చాడు. చదరంగం లాంటి 64 గళ్ల పటం. పాచికలంటే జూదమన్న పేరుంది కాబట్టి వాటి బదులు అంకెలున్న బొంగరం ఇచ్చాడు. వంద పాయింట్లు వస్తే గెలుపు. అందులో 50 'సుఖమైన వృద్ధాప్యం' అనే గడి చేరినందుకు. సరిగ్గా నూరేళ్లకు, 1960లో, అదే సంస్థ అదే పేరు మీద కొత్త ఆట తెచ్చింది. పావుల స్థానంలో కార్లు వచ్చాయి. చివర్లో ఎవరి దగ్గర ఎక్కువ డబ్బుంటే వాళ్లు గెలిచినట్టు.

మీ వాదానికి ఇది బలమే. కానీ వైకుంఠపాళిలో ఆడేవాడు ఒక్క నిర్ణయమూ తీసుకోడు. నిచ్చెన ఎక్కినవాడు పుణ్యం చేయలేదు, పాము మింగినవాడు పాపం చేయలేదు. నీతి బొమ్మల్లో ఉంది, నడక పాచికల్లో ఉంది. బ్రాడ్లీ పాత ఆటలో కనీసం ఎటు కదలాలో ఎంచుకునే వీలుండేది. ఏ ఆటనైనా తూచాలంటే బొమ్మలు పక్కనపెట్టి మూడు చూడండి: దేన్ని లెక్కపెడుతుంది, ఎవరు నిర్ణయిస్తారు, ఎప్పుడు ఆగుతుంది. మూడో ప్రశ్న వేస్తే వైకుంఠపాళికి నిజంగా గొప్ప మార్కులు పడతాయి. దానికి చివరి గడి ఉంది. ఇప్పటి ఫోన్ గేముల్లో చాలావాటికి అది లేదు. అన్నట్టు, కొత్తవన్నీ డబ్బు ఆటలు కావు. 2008లో వచ్చిన పాండెమిక్‌లో ఆటగాళ్లంతా కలిసి రోగాలతో పోరాడతారు, గెలిస్తే అందరూ గెలుస్తారు, ఓడితే అందరూ ఓడతారు.

ప్రశ్న: పిల్లల ఆటస్థలంలో ఎత్తయిన జారుడుబల్ల తీసేయాలని కొందరు పట్టుబడుతున్నారు. ఏం చేయమంటారు?
— ఒక నివాసుల సంఘం

జవాబు: బల్ల సంగతి తర్వాత, ముందు దాని కింద నేల చూడండి. ఐరోపా ప్రమాణాల్లో పడే ఎత్తుకు హద్దు 3 మీటర్లు. చెక్క పేళ్లు పరిచేటట్లయితే 2 మీటర్ల దాకా 20 సెంటీమీటర్ల మందం, 3 మీటర్ల దాకా 30. పిల్లల కాళ్ల కింద చెదిరిపోతాయి కాబట్టి పైన ఇంకో 10 వేయాలి. సరిగ్గా బల్ల దిగే చోటే అన్నిటికన్నా ముందు పలచబడుతుంది, వారానికోసారి అక్కడ కర్ర గుచ్చి కొలవండి. కమ్మీల సందులు 9 నుంచి 23 సెంటీమీటర్ల మధ్య ఉండకూడదు, ఒళ్లు దూరి తల ఇరుక్కుంటుంది. మెడకు చుట్టిన స్కార్ఫులు, తాళ్లున్న టోపీలు బల్లెక్కే ముందు తీయించండి. చిన్నపిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకుని జారవద్దని పెద్దలకు చెప్పండి. బిడ్డ బూటు బల్ల అంచుకు పట్టుకుంటే, వెనక ఉన్న పెద్దల బరువుకు కాలి ఎముక విరుగుతుంది. ఒక్కడే జారితే ఆ బరువు ఉండదు.

ఇవన్నీ సరిగా ఉంటే ఎత్తు ఉండనివ్వండి. నార్వే పరిశోధకురాలు ఎలెన్ సాండ్‌సెటర్ 2007లో పిల్లలు కోరుకునే సాహసాలను ఆరుగా విభజించింది. ఎత్తు, వేగం, పదునైన పనిముట్లు, నిప్పూ నీళ్లూ, కుస్తీ, కనుమరుగు కావడం. బల్ల తీసేస్తే ఎత్తు మీద మోజు పోదు. వాళ్లు గోడెక్కుతారు, గోడ కింద చెక్క పేళ్లుండవు.

ప్రశ్న: మా బాస్కెట్‌బాల్ టోర్నమెంటులో నాలుగు పాయింట్లు ముందుకెళ్లిన జట్టు బంతి తమలో తామే అందించుకుంటూ సమయం గడిపేస్తోంది. చూసేవాళ్లు లేచిపోతున్నారు.
— నిర్వాహకులు

జవాబు: అమెరికా బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏకు ఇదే జబ్బు చేసింది. 1950 నవంబరులో ఒక మ్యాచ్ 19–18తో ముగిసింది. మందు 1954లో దొరికింది. రక్తికట్టిన మ్యాచుల్లో జట్టుకు సుమారు 60 చొప్పున 120 షాట్లు పడుతున్నాయని ఒక జట్టు యజమాని డానీ బయసోన్ లెక్కగట్టాడు. 48 నిమిషాలంటే 2880 సెకన్లు. 120తో భాగిస్తే 24. బంతి చేతికొచ్చాక 24 సెకన్లలో షాట్ వేయాలన్న నియమం అలా పుట్టింది.

మీరూ అదే భాగహారం మీ అంకెలతో చేయండి. బాగా జరిగిన రెండు మ్యాచుల్లో షాట్లు లెక్కపెట్టి, ఆట సెకన్లను దానితో భాగించండి. కొత్త ఆటగాళ్లకు 24 పెడితే కంగారులో ఎక్కడినుంచి పడితే అక్కడినుంచి విసురుతారు, 30 లేదా 35తో మొదలుపెట్టండి. యంత్రం అక్కర్లేదు. ఒకరు ఫోన్ స్టాప్‌వాచ్ పట్టుకుని చివరి ఐదు సెకన్లు గట్టిగా లెక్కపెడితే చాలు. బంతి ప్రత్యర్థి జట్టు చేతికి పోయినప్పుడో, రింగుకు తగిలినప్పుడో లెక్క మళ్లీ మొదలవ్వాలి. ప్రత్యర్థి చెయ్యి తగిలి దారి మారినంత మాత్రాన మొదలుపెట్టకూడదు. వాచ్ పట్టుకునేవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది అక్కడే కాబట్టి, ఆ మనిషిని రింగు బాగా కనిపించేచోట కూర్చోబెట్టండి.